ఊరు విడిచినా ఆట విడవని సంఘాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గల్ఫ్‌లో కొలువు చేసిన రోజుల్లో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, నర్సులు కలిసి నడుపుకొనే ఒక గేలిక్ క్రీడా క్లబ్బుకు ఆరేళ్ళపాటు కోశాధికారిగా ఉన్నానని గత సంచికలో రాశాను. కడపవాడికి ఐరిష్‌వాళ్ళ పద్దుపుస్తకంతో ఏం పని అని కొందరు, అలాంటి సంఘాలు మనవాళ్ళు ఎందుకు నిలుపుకోలేకపోతున్నారని మరికొందరు ఉత్తరాలు రాశారు. ఆరింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. రాజంపేట పాఠకుడి ప్రశ్నకు ఎక్కువ చోటు కేటాయించినందుకు తక్కినవారు మన్నించాలి. పరాయి దేశంలో బతుకుతున్న మన జిల్లావాసులు వేల మందికి అది సొంత ప్రశ్న.

ప్రశ్న: గేలిక్ క్రీడలంటే ఏవి? మా అబ్బాయి పై చదువుకు డబ్లిన్ వెళ్తున్నాడు. అక్కడ నలుగురిలో కలవాలంటే ఈ ఆటల సంగతి తెలిసి ఉండాలని ఎవరో చెప్పారు. నిజమేనా?
(ఒక తండ్రి, అనంతపురం)

తెలియకపోయినా ఇబ్బంది లేదు గానీ, తెలిస్తే మాత్రం మొదటి రోజే స్నేహితులు దొరుకుతారు. గేలిక్ క్రీడలంటే ఐర్లండ్ సొంత ఆటలు. వాటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది హర్లింగ్. చివర వెడల్పుగా ఉండే కర్రతో, తోలు చుట్టిన చిన్న బంతిని నేల మీద, గాలిలో, పరుగులో కూడా కొడతారు. రెండవది గేలిక్ ఫుట్‌బాల్. అందులో బంతిని చేత్తో పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో అందించవచ్చు. పట్టుకొని నాలుగడుగులకు మించి పరుగెత్తాలంటే మాత్రం నేలకు కొట్టి పట్టుకోవడమో, కాలి వేళ్ళతో పైకి తన్ని పట్టుకోవడమో చేయాలి. రెండింటిలోనూ జట్టుకు 15 మంది. గోలు స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కింద వలలోకి వెళ్తే గోలు, దాని విలువ 3 పాయింట్లు. అడ్డకర్ర మీదుగా స్తంభాల మధ్య వెళ్తే 1 పాయింటు. ఫుట్‌బాల్‌లో 2025 నుంచి, గోలుకు 40 మీటర్ల దూరంలో గీసిన చాపం బయటి నుంచి తన్ని పైగా పంపితే 2 పాయింట్లు ఇస్తున్నారు. పత్రికలో 2-15 అని కనబడితే రెండు గోల్స్, పదిహేను పాయింట్లు, వెరసి 21 అని మీ అబ్బాయికి చెప్పి పంపండి.

ఈ ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, అందరూ జీఏఏ అని పిలిచేది, 1884 నవంబరు 1న టిప్పెరరీ కౌంటీలోని థర్లస్ అనే ఊళ్ళో, హేయిస్ హోటల్లో పుట్టింది. మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు పూనుకొని ఆ సమావేశం ఏర్పాటు చేశాడు, మారిస్ డేవిన్ తొలి అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఐర్లండ్ ఆంగ్లేయుల ఏలుబడిలో ఉంది. ఆటను కాపాడుకోవడం వాళ్ళకు భాషను, ఊరిని కాపాడుకోవడంతో సమానం. క్లబ్బు పారిష్ అనే ఊరి చర్చి పరిధికి చెందుతుంది, క్లబ్బులన్నీ కలిసి కౌంటీ. అందుకే డబ్లిన్‌లో ఇద్దరు ఐరిష్‌వాళ్ళు కలిస్తే మొదట అడిగేది ఏ కౌంటీ అని. మనవాళ్ళు ఏ జిల్లా, ఏ మండలం అని అడగడం లాంటిదే అది.

ప్రశ్న: కువైట్‌లో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు కుర్రవాళ్ళం శుక్రవారాల్లో చెడుగుడు ఆడుకుంటాం. రెండుసార్లు సంఘం పెట్టుకున్నాం, రెండుసార్లూ ఏడాది తిరగకముందే చెదిరిపోయింది. ఐరిష్‌వాళ్ళ సంఘాలు ఎలా నిలుస్తున్నాయి? వాళ్ళకు డబ్బు ఎక్కడిది?
(ఒక పాఠకుడు, రాజంపేట)

అయ్యా, మీ ఉత్తరంలో మొదట నన్ను పట్టుకున్నది "రెండుసార్లూ" అన్న మాట. రెండోసారి కూడా పూనుకున్న మనిషికి ఉత్సాహం గురించి చెప్పాల్సిన పని లేదు. మీకు కావలసింది పద్ధతి.

ఐరిష్‌వాళ్ళ వలసకు మూలం కూడా మనకు తెలిసిన బాధే. 1845లో మొదలైన బంగాళదుంప తెగులు తెచ్చిన కరువులో, ఏడేళ్ళలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి దేశం విడిచి పోయారు. మన సీమలో 1876-78 నాటి ధాత కరువు మాట ముత్తవ్వల నోట ఎలా నిలిచిందో, వాళ్ళకు ఆ కరువు అలా నిలిచింది. ఓడలెక్కినవాళ్ళు బోస్టన్, న్యూయార్క్, లండన్ చేరారు. వెనకాలే ఆటా చేరింది. న్యూయార్క్‌లో 1914లోనే సొంత బోర్డు ఏర్పడింది. కరువు నాటి 1847కు నూరేళ్ళైన జ్ఞాపకంగా, 1947లో ఆలిండియా ఫైనల్ వంటి వాళ్ళ ఆలైర్లండ్ ఫుట్‌బాల్ ఫైనల్‌ను డబ్లిన్‌లో కాక న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో ఆడించారు. కావన్ కౌంటీ కెర్రీని ఓడించిన ఆ ఆటకు మైకేల్ ఓహెహిర్ రేడియో వ్యాఖ్యానం చెప్పాడు. అట్లాంటిక్ మీదుగా మాట పంపే లైను అద్దెకు తీసుకున్న గడువు ఆట ముగియకుండానే దాటిపోతుంటే, ఇంకో ఐదు నిమిషాలు తెంచవద్దని ఆయన ప్రసారంలోనే బతిమాలుకున్నాడు. ఊళ్ళో రేడియో చుట్టూ మూగిన వాళ్ళకోసం ఆ ఐదు నిమిషాలు అడిగినట్టే, ప్రవాస సంఘాలన్నీ నేటికీ ఊరికీ తమకూ మధ్య ఆ లైను తెగకుండా పట్టుకొని ఉన్నాయి.

ఇక అసలు విషయం. ప్రవాస సంఘానికి ఊళ్ళో సంఘానికి లేని ఒక గండం ఉంది: మనుషులు నిలవరు. వీసా అయిపోతుంది, కంపెనీ మరో దేశానికి మారుస్తుంది, పెళ్ళి కుదురుతుంది, నాన్నకు ఒంట్లో బాగుండదు. ఊళ్ళో కార్యదర్శి ఇరవై ఏళ్ళు ఉంటాడు. గల్ఫ్‌లో రెండేళ్ళు ఉంటే గొప్ప. కాబట్టి అక్కడి సంఘాన్ని, ఎవరు ఎప్పుడు వెళ్ళిపోయినా మర్నాడు నడిచేలా కట్టుకోవాలి. మీ రెండు సంఘాలూ ఎప్పుడు చెదిరాయో గుర్తు చేసుకోండి. ఎవరో ఒక ముఖ్యుడు సెలవుకు ఊరికి వచ్చి తిరిగి వెళ్ళనప్పుడే అయి ఉంటుందని నా అనుమానం.

మాకు అలాగే జరిగింది. మా కార్యదర్శి చాలా మంచివాడు, అన్నీ తానే చూసుకొనేవాడు. వారం రోజుల వ్యవధిలో ఆస్ట్రేలియాకు బదిలీ అయి వెళ్ళిపోయాడు. గాయాల బీమా గడువు ముగుస్తోందన్న ఉత్తరం అతని సొంత ఈమెయిల్‌కు వచ్చింది. అతను కొత్త దేశంలో ఇల్లు వెతుక్కుంటున్నాడు, చూడలేదు. రెండు నెలల తరువాత ఒక సాయంత్రం సాధనలో మా కుర్రవాడొకడు కింద పడి మెడ దగ్గరి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో కౌంటరు దగ్గర నిలబడి బీమా కాగితం కోసం ఫోనులో వెతికిన ఆ పావుగంట నాకు ఇప్పటికీ గుర్తుంది. గడువు తీరిపోయింది. తలా ఇంత వేసుకొని బిల్లు కట్టాం. కోశాధికారిగా తేదీ గుర్తుంచుకోవలసిన బాధ్యతలో నాకూ భాగం ఉంది.

ఆ తరువాత మేము చేసిన మార్పులే మీకు చెప్పదగినవి. ఈమెయిలు, ఫోను నంబరు మనిషి పేరున కాక పదవి పేరున పెట్టాం. మనిషి మారితే తాళంచెవి మారుతుంది, చిరునామా మారదు. ప్రతి పదవికీ ఒక సహాయకుణ్ణి పెట్టి, ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టి పని నేర్పాం. డబ్బు తీయాలంటే రెండు సంతకాలు తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యంగా ఒక అప్పగింత పుస్తకం పెట్టాం. మైదానం ఎవరితో మాట్లాడి తీసుకున్నాం, అద్దె ఎంత, రసీదులు ఎక్కడ ఉన్నాయి, బీమా ఏ నెలలో, జెర్సీల పెట్టె ఎవరి ఇంట్లో ఉంది, ఎవరు ఎంత బాకీ, అన్నీ చేత్తో రాసిన పుస్తకం అది. పదవి దిగేవాడు ఎక్కేవాడి ముందు కూర్చొని పేజీ పేజీ చదివి సంతకం పెట్టాలి. జీఏఏలో కౌంటీ స్థాయి అధికారి ఒకే పదవిలో వరుసగా 5 ఏళ్ళకు మించి ఉండరాదన్న నియమం ఉంది. దాని వెనుక ఉన్నది కూడా ఈ ఆలోచనే: పదవి మనిషికి అంటుకుపోకూడదు.

డబ్బు సంగతి. మొదటిది సభ్యత్వ రుసుము, అది ఏడాది మొదట్లోనే వసూలు కావాలి. ఆడిన రోజున అడుగుదాంలే అంటే అది రాదు. రెండవది జెర్సీ మీద పేరు వేయించుకొనే వ్యాపారులు. మూడవది ఏడాదికొక విందు. ఐర్లండ్ ప్రభుత్వం 2004 నుంచి ప్రవాసుల సహాయ పథకం కింద వాళ్ళ సంఘాలకు గ్రాంట్లు ఇస్తోంది; ఆటలకు ప్రత్యేకంగా విదేశాంగ శాఖ, జీఏఏ కలిసి నడిపే నిధి మరొకటి ఉంది. మీకు అలాంటి ఆసరా వెంటనే దొరకదు కాబట్టి, మొదటి రెండేళ్ళు సభ్యత్వ రుసుముకు లోబడే ఖర్చు పెట్టండి. టోర్నమెంటు పెద్దదిగా చేయాలన్న ఆశతో అప్పు చేయకండి. ఒక హెచ్చరిక: గల్ఫ్ దేశాల్లో అనుమతి లేకుండా సంఘం పేరున చందాలు పోగుచేయడం నేరమయ్యే చోట్లున్నాయి. మన రాయబార కార్యాలయంలో అడిగి, అక్కడి చట్టం తెలిసినవారితో మాట్లాడిన తరువాతే మొదటి రసీదు రాయండి.

ప్రశ్న: హర్లింగ్ మైదానం మన హాకీ మైదానం కంటే చాలా పెద్దదని చదివాను. విదేశాల్లో అంత చోటు, అంతమంది ఆటగాళ్ళు ఎలా దొరుకుతారు?
(ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, కర్నూలు)

దొరకరండి, అందుకే ఆటను చోటుకు తగ్గట్టు కుదించుకున్నారు. ఐర్లండ్‌లో మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, వెడల్పు 80 నుంచి 90 మీటర్లు. విదేశాల్లో ఎక్కువగా దొరికేది రగ్బీ మైదానం. గోలుగీత నుంచి గోలుగీతకు 100 మీటర్లే. అందుకని 15 మందికి బదులు 13, 11, చివరికి 9 మందితో ఆడతారు. స్తంభాలు అక్కడా హెచ్ ఆకారమే కనుక అడ్డకర్రకు వల కట్టి గోలు తయారు చేసుకుంటారు. సాయంత్రం ఆరింటికి నిచ్చెన వేసుకొని, తాళ్ళతో ఆ వల బిగించి, రాత్రి దీపాల కింద ఆట అయ్యాక మళ్ళీ విప్పి మడత పెట్టి కారులో వేసుకోవడం మా వారపు పని. వల మడత సరిగ్గా పడకపోతే పై వారం చిక్కు విప్పడానికే అరగంట పోతుంది. మీ బడిలో వాలీబాల్ వల మడిచే పిల్లలకు ఆ కష్టం తెలుసు.

ఒక క్లబ్బు ఉన్న ఊరు నుంచి మరో క్లబ్బు ఉన్న ఊరికి విమానమెక్కి వెళ్ళాలి కాబట్టి, వారం వారం లీగు ఆడటం కుదరదు. నాలుగైదు జట్లు ఒకే చోట చేరి, ఒక్కరోజులోనే పొట్టి పొట్టి ఆటలన్నీ ముగిస్తాయి. అలా పెరిగి పెరిగి 2015లో అబుదాబిలో గేలిక్ క్రీడల ప్రపంచ పోటీలు జరిగాయి; తరువాత 2016లో డబ్లిన్, 2019లో వాటర్‌ఫోర్డ్, 2023లో డెర్రీ ఆతిథ్యమిచ్చాయి.

మరొక మాట. రగ్బీ, సాకర్, క్రికెట్, హాకీ ఆడినవాణ్ణి జీఏఏలో ఉండనివ్వని నిషేధం 1971 వరకు అమల్లో ఉండేది. పరాయి పాలన నాటి గాయం నుంచి పుట్టిన నియమం అది. దాన్ని ఎత్తివేయడం మంచి పనే అని నేను నమ్ముతాను. ఇవాళ విదేశాల్లో గేలిక్ ఆట ఊపిరి పీల్చుకుంటున్నది రగ్బీవాళ్ళు అద్దెకిచ్చిన గడ్డి మీదనే.

ప్రశ్న: మా అమ్మాయి అబుదాబిలో నర్సు. తోటి ఐరిష్ నర్సులు తమ ఆటకు రమ్మని పిలుస్తున్నారట. వాళ్ళ దేశం కానివాళ్ళను చేర్చుకుంటారా? కర్రలతో ఆట అంటే నాకు భయంగా ఉంది.
(ఒక తల్లి, ప్రొద్దుటూరు)

అమ్మా, నిశ్చింతగా పంపండి. విదేశీ క్లబ్బులు ఐరిష్‌వాళ్ళతోనే నిండవు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో, స్పెయిన్‌లోని గలీసియాలో ఐర్లండ్ ముఖం చూడని స్థానికులే ఎక్కువమంది ఆడుతున్నారు. నన్ను చూడండి, ఒక్కసారి కూడా బంతి సరిగ్గా కొట్టనివాడికి పద్దుపుస్తకం అప్పగించారు.

స్త్రీలు ఆడే హర్లింగ్‌ను కమోగీ అంటారు, దాని సంఘం 1904 నాటిది. స్త్రీల గేలిక్ ఫుట్‌బాల్‌కు 1974లో వేరే సంఘం ఏర్పడింది. స్వదేశంలో ఈ మూడు సంఘాలనూ 2027 నాటికి ఒక్కటి చేయాలని సంకల్పించారు. విదేశాల్లో మాత్రం మనుషులు తక్కువ కనుక ఆడ, మగ జట్లు ఒకే క్లబ్బులో, ఒకే కమిటీ కింద ఎప్పటి నుంచో కలిసి నడుస్తున్నాయి. అవసరం ముందు నడిచింది, నియమం వెనక వస్తోంది.

కర్ర భయమైతే ఫుట్‌బాల్‌లో చేరమనండి. కర్ర పట్టాలని ముచ్చటపడితే, శిరస్త్రాణం లేకుండా మైదానంలో అడుగు పెట్టనివ్వరు. 2010 నుంచి హర్లింగ్‌లో అన్ని వయసులవారికీ అది తప్పనిసరి. చేరే ముందు ఒక్క ప్రశ్న మాత్రం అమ్మాయి చేత అడిగించండి: బీమా ఈ ఏడాదికి కట్టారా, కాగితం చూపిస్తారా అని. మంచి క్లబ్బు ఆ ప్రశ్నకు నొచ్చుకోదు.

ప్రశ్న: జీతం లేని ఆటకు ఇంత శ్రమ ఎందుకు? లోపల్లోపల డబ్బు చేతులు మారదా?
(ఒక పాఠకుడు, ఆదోని)

డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో 82,300 మంది పడతారు. ఆదివారం అక్కడ ఫైనల్ ఆడే మనిషి బడిపంతులో, రైతో, విద్యుత్ పనివాడో అయి ఉంటాడు. అతనికి జీతం లేదు, దారి ఖర్చుల వంటివి ఇస్తారు. గెలిచినా ఓడినా అతను ఊరివాడే, అమ్ముకొని మరో ఊరికి పోయేవాడు కాదు. ఆ నియమం మీదే మొత్తం కట్టడం నిలబడింది.

మీ అనుమానం మాత్రం అబద్ధం కాదు. ఒకప్పుడు న్యూయార్క్, బోస్టన్, చికాగో క్లబ్బులు పేరున్న ఆటగాళ్ళను వారాంతానికి విమానంలో రప్పించి చాటుగా డబ్బు ఇచ్చేవి. ఊళ్ళో క్లబ్బులు వేసవిలో మనుషులు లేక అల్లాడేవి. ఆటగాడు దేశం దాటి ఆడాలంటే స్వదేశంలోని తన క్లబ్బు, కౌంటీల ఆమోదంతో బదిలీ కాగితమో, తాత్కాలిక అనుమతో తెచ్చుకోవాలన్న నియమాన్ని అందుకే గట్టిగా పట్టుకుంటారు. ప్రవాస సంఘం ఊరి సంఘాన్ని పీల్చి బతకకూడదు. నేను చూసిన మేరకు, చాటు డబ్బు మొదలైన క్లబ్బులో మొదట మానేసేది జెర్సీలు ఉతికేవాళ్ళూ, వల కట్టేవాళ్ళూ. ఆటగాళ్ళు ఆ తరువాత పోతారు.

ప్రశ్న: నేను వడ్రంగిని. హర్లింగ్ కర్ర ఏ చెక్కతో చేస్తారు? మన చెక్కతో చేయవచ్చా?
(ఒక పాఠకుడు, నంద్యాల)

ఈ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఆ కర్రను యాష్ అనే చెట్టు మొదట్లో నుంచి, వేరు విచ్చుకొనే చోట కోస్తారు. అక్కడ చెక్క నార సహజంగా వంపు తిరుగుతుంది. ఆ వంపు కర్ర కొనలోని వంపుతో కలిసిపోతుంది కాబట్టి దెబ్బకు విరగదు. నిలువు నార చెక్కను వంపుగా చెక్కితే నాలుగు దెబ్బలకే కొన ఊడుతుంది. పెద్దవాళ్ళ కర్ర 34 నుంచి 36 అంగుళాలు. 2012లో ఐర్లండ్‌లో కనిపించిన శిలీంధ్రపు తెగులు ఈ చెట్లను ఎండబెడుతోంది, అందుకని వెదురుతోనూ, కృత్రిమ పదార్థాలతోనూ కర్రలు చేస్తున్నారు. ప్రవాస క్లబ్బులకు ఈ కొరత ముందు నుంచీ అలవాటే. సెలవుకు వెళ్ళినవాడు కట్ట కట్టి సామానుతో తెచ్చేవాడు. విరిగినవాటికి ఇనుప పట్టీ వేసి మళ్ళీ ఆడేవాళ్ళం.

మన చెట్లలో మొదలు దగ్గర నార వంపు తిరిగేదీ, తేలికగా ఉండి దెబ్బకు సాగేదీ ఏదో నాకంటే మీకే బాగా తెలుస్తుంది. బంతి క్రికెట్ బంతి కంటే తేలిక, సుమారు 110 నుంచి 120 గ్రాములు. దాన్ని బట్టి కొన మందం ఊహించండి. నేను గల్ఫ్ విడిచే రోజున అప్పగింత పుస్తకం మీద సంతకం పెట్టాక, క్లబ్బువాళ్ళు నాకు ఒక పాత 35 అంగుళాల కర్ర ఇచ్చారు, పట్టీ వేసినదే. కడపలో ఎర్రముక్కపల్లిలోని మా ఇంట్లో ఉంది. పత్రిక కార్యాలయానికి ఒక కార్డు రాసి, వీలున్న ఆదివారం కొలబద్ద తీసుకొని రండి.